సహకార గాత్రం నుంచి కోరస్ పనికి: తిరుపతిలో ఉండి చేసుకోవచ్చా?

శ్రుతిబాక్స్ (తిరుపతి)
అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఎస్వీ సంగీత కళాశాలలో గాత్రం చదివింది. ఇప్పుడు అన్నమయ్య సంకీర్తనల కచేరీల్లో సహకార గాత్రం పాడతా ఉంది. తనే ముందు కూర్చుని పాడాలని లేదు, వెనక పాడే పనినే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. ఆర్కెస్ట్రా వాళ్లు విని "గొంతు బాగుంది, కానీ కలవడం లేదు" అన్నారు. అంటే ఏంటి, ఎలా సరిచేసుకోవాలి? స్టూడియో కోరస్ కోసం మకాం చెన్నైకి మార్చక తప్పదా? డబ్బు సంగతి ముందే ఏం మాట్లాడుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కోనేటిగట్టు
కలవడం లేదంటే శ్రుతి తప్పిందని కాదమ్మా. కచేరీ చదువు చదివినవాళ్లకు ఈ చిక్కు ఎక్కువగా గమకం (స్వరాన్ని ఊపడం) దగ్గర వస్తుంది. ఒక్కరే పాడేటప్పుడు గాంధారాన్నీ నిషాదాన్నీ ఊపితే అందం. నలుగురు కలిసి తలా ఒక వేగంతో ఊపితే ఆ స్వరం అలుక్కుపోతుంది. కాబట్టి మెయిన్ గాయకులు ఎంత ఊపితే అంతే ఊపాలి, లేదంటే స్వరాన్ని కదలకుండా నిలపాలి. సాధన ఇలా చేయించండి: తంబురా యాప్ పెట్టుకుని ఒక్కో స్వరాన్ని ఎనిమిది అక్షరాల (తాళం లెక్కల) సేపు ఊపకుండా పట్టుకోవాలి. మొదట్లో సగం దాటేసరికి గొంతు దానంతట అదే ఊగుతుంది. ఫోన్లో రికార్డు చేసి వింటేనే అది తెలుస్తుంది.

తర్వాత మాట చివర. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనక ఎవరికి తోచినంత సేపు వాళ్లు లాగేస్తారు. "గోవిందా" తీసుకోండి. ఆదితాళంలో "దా" సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడితే, మూడు అక్షరాలు నిలిపి నాలుగో అక్షరం మొదలయ్యే చోట అందరూ ఒక్కసారిగా వదలాలి. ఆ "ఆ"కు నోరు ఎంత తెరవాలన్నది కూడా ఒకటే కావాలి. ఒకరు వెడల్పుగా, ఇంకొకరు గుండ్రంగా తెరిస్తే శ్రుతి సరిగ్గా ఉన్నా రెండు గొంతులు విడివిడిగానే వినిపిస్తాయి. సున్నతో ముగిసే మాటల్లో పెదాలు ఎక్కడ మూయాలో ముందే అనుకోవాలి. "శేషాచల" లాంటి మాటను ఆరుగురూ గట్టిగా అంటే మైకులో ఈల వేసినట్టు వస్తుంది. ఒకరిద్దరు పూర్తిగా పలికి మిగతావాళ్లు శషలను తేల్చేయాలి.

స్థాయి విషయం చాలామంది పట్టించుకోరు. మగ గాయకుడు రెండు శ్రుతిలో (హార్మోనియంలో డి మెట్టు) పాడుతుంటే ఆయన తారషడ్జమే (పై సా) మీ చెల్లెలికి మధ్యషడ్జం (మధ్య సా). పల్లవి ఆయన కింద పాడితే తను ఒక స్థాయి పైన పాడాలి. చరణంలో ఆయన తారస్థాయికి ఎక్కితే తను పైకి పోకుండా ఆయన స్వరంలోనే కలవాలి. ఈ మార్పు పంక్తి చివర ఊపిరి తీసుకునే చోటే జరగాలి. మాట మధ్యలో స్థాయి మారిస్తే కచేరీ మొత్తంలో అదొక్కటే జనం చెవిలో పడుతుంది. సాహిత్యం పుస్తకంలో ఆ చోట్ల పెన్సిలు గుర్తు పెట్టుకోమనండి.

మానిటర్ వెనక
స్టేజీ సంగతి నేను చెబుతా. మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకోకూడదు. షూర్ ఎస్‌ఎం 58 లాంటి కార్డియాయిడ్ మైకు వెనక శబ్దాన్ని తీసుకోకుండా ఉండేది ఆ జాలీ వెనక ఉన్న సందుల వల్లే. వాటిని మూస్తే మానిటర్ (పాడేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకరు) శబ్దమంతా లోపలికి దూరి కూత మొదలవుతుంది. మానిటర్ మైకు తోకకు సూటిగా ఎదురుగా ఉండాలి.

సౌండ్ చెక్‌లో తన గొంతు ఎక్కువ పెట్టమని అడగకూడదు. మెయిన్ వాయిస్, తంబురా లేదా కీబోర్డు ముందు వినపడాలి, తన గొంతు వాటి కింద ఉండాలి. సొంత గొంతు అసలు వినపడకపోతే అరుస్తారు, మరీ ఎక్కువ వినపడితే ఊపిరి తగ్గించి శ్రుతి దిగిపోతారు. మెయిన్ గాయకులు నెరవులు (ఒకే పంక్తిని రకరకాలుగా అల్లి పాడటం) మొదలుపెట్టగానే మైకు నుంచి ఒక అడుగు వెనక్కి. కళ్యాణ మండపాల్లో గోడలు మారుమోగుతాయి, అక్కడ చెవిని హాలు వైపు పోనియ్యకుండా మానిటర్‌నే నమ్మాలి.

పని ఏడాదంతా ఒకేలా ఉండదక్కా. ఆషాఢం, ధనుర్మాసం పెళ్లి ఆర్కెస్ట్రాలకు ఖాళీ. ధనుర్మాసంలో భక్తి కార్యక్రమాలు ఆదుకుంటాయి. వినాయక చవితి నుంచి కాణిపాకంలో 21 రోజుల బ్రహ్మోత్సవాలు, ఆ వెనకే తిరుమల బ్రహ్మోత్సవాలు. చేతికొచ్చిన డబ్బు ఆ లెక్కన మిగుల్చుకోవాలి.

ట్రాక్ నంబర్ 2
మకాం మార్చాల్సిన పని లేదు, ఇప్పుడే అసలు వద్దు. పొద్దున గరుడాద్రి రైలు ఎక్కితే మూడు మూడున్నర గంటల్లో చెన్నై. హైదరాబాదు రాత్రి బండి. పిలిచినప్పుడు పోయి రావచ్చు. సినీ గాయకుల యూనియన్ కార్డు సంగతి మాత్రం పిలిచినవాళ్లనే ముందుగా అడగండి. చాలా ట్రాకులు ఇంటి నుంచే పంపమంటున్నారు కాబట్టి అది నేర్చుకోవడం ముఖ్యం.

కావలసినవి: ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), కండెన్సర్ మైకు, పాప్ ఫిల్టర్ (నోటి గాలి దెబ్బ మైకుకు తగలకుండా ఆపే తెర), చెవులు పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్. బ్లూటూత్ పనికిరాదు, శబ్దం ఆలస్యంగా వచ్చి తాళం వెనకబడుతుంది. గదిలో బీరువా తలుపులు తెరిచి బట్టల వైపు తిరిగి పాడితే గోడల మోత తగ్గుతుంది. ఫ్యాన్ ఆపాలి, మన ఎండల్లో అది తెల్లవారుజామునే కుదురుతుంది. మైకుకు జానెడు దూరం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు. గట్టిగా పాడిన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. రివెర్బ్, ఆటోట్యూన్ వేయకుండా పంపాలి. ప్రతి ఫైలూ పాట సున్నా సెకను నుంచే మొదలవ్వాలి, లేకపోతే అవతల మిక్సింగ్ చేసేవాళ్లు ఒక్కో ట్రాకునూ చేత్తో జరుపుకోవాలి. అలా పంపినవాళ్లను రెండోసారి పిలవరు.

ఒకే లైను నాలుగుసార్లు విడివిడిగా పాడి పంపమంటారు. ఒక టేకును కాపీ చేసి నాలుగు చేస్తే కుదరదు. గొంతు గట్టిగా వినిపిస్తుందే తప్ప నలుగురు పాడినట్టు ఉండదు. టేకుల మధ్య ఉండే చిన్న చిన్న తేడాలే గుంపును వినిపిస్తాయి.

శ్రుతిబాక్స్ (తిరుపతి)
చాలా సంతోషం అన్నా, ఇంత వివరం ఎక్కడా దొరకలేదు. హార్మొనీ (మెయిన్ పాటతో పాటే వేరే స్వరాల్లో పాడే లైను) పాడమంటే తను వెంటనే మెయిన్ వాయిస్‌లోకి జారిపోతా ఉంది. దానికేం చేయాలి?

కోనేటిగట్టు
చెవి పెద్ద శబ్దం వెంట పోతుంది, అంతే. హార్మొనీని మెయిన్ పాటకు తోడుగా నేర్చుకోకుండా విడి పాటలా నేర్చుకోవాలి. శంకరాభరణంలో సా మీద గా, రీ మీద మా, గా మీద పా, మా మీద దా. ముందు స్వరాలు రాసుకుని, సాహిత్యం లేకుండా నోటికి వచ్చేదాకా పాడాలి. తర్వాత మెయిన్ లైను ఫోన్లో సన్నగా పెట్టి దాని మీద పాడుతూ రోజుకు కాస్త శబ్దం పెంచుకుంటూ పోవాలి. ఇక్కడ గమకం పూర్తిగా బంద్.

కాల్‌షీట్
డబ్బు: పాటకు లెక్కా, కాల్‌షీట్‌కు (పిలిచిన పని వేళ మొత్తానికి) లెక్కా, వేళ దాటితే ఎంత, ప్రయాణం ఖర్చు ఎవరిది, ఎన్ని టేకులు దాటితే అదనం. ఇవన్నీ వాట్సాప్‌లోనైనా రాతలో ఉండాలి. టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తే దాని సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, రిటర్ను వేసేటప్పుడు అదే ఆధారం.

డబ్బుతో పాటు పేరు కూడా అడగండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు గాయకులకు రాయల్టీ హక్కు గట్టిపడింది. కానీ అందులోనే ఒక మెలిక ఉంది. సినిమాలో మన పాత్ర చిన్నదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో పేరు కూడా వేయనిదైతే, చట్టం మనల్ని పెర్ఫార్మర్‌గా లెక్కపెట్టదు. మన ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే, నష్టపరిహారం అడిగే హక్కు ఒక్కటే మిగులుతుంది. కోరస్ వాళ్లకు అచ్చంగా తగిలే మాట ఇది. ఈ మెలిక సినిమాలకే, భక్తి ఆల్బమ్‌లకు కాదు. అయినా రెండు చోట్లా పేరు, దాని అక్షరాలు ఎలా ఉండాలో పాడిన రోజే రాసి పంపండి. మిక్స్ అయిపోయాక అడిగితే ఎవరూ వెతికి చేర్చరు.