వంటింట్లో టిష్యూ రోలా, గుడ్డలా? ఉప్పునీళ్ల ఇంటికి ఏది నయం?

బుడ్డలనూనె (అనంతపురం)

వంటింట్లో తుడవడానికి పేపర్ టవల్ రోల్ వాడుతున్నాం. ఇంట్లో నలుగురం. 60 షీట్ల రోల్ వారానికొకటి అయిపోతోంది. ఒక్కోటి 60 రూపాయలు, అంటే నెలకు 240. గుడ్డలకు మారదామంటే మూడు అనుమానాలు అడ్డుపడుతున్నాయి.

మాది బోరు, పూర్తిగా ఉప్పునీళ్లు. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అవి తాగడానికీ వంటకే సరి. ఉప్పునీళ్లలో ఉతికిన గుడ్డ రెండు వారాలకే అట్ట మాదిరి అయిపోయి నీళ్లు పీల్చడం మానేస్తుంది. ఇంకోటి, పొద్దున తీసిన గుడ్డ సాయంత్రానికే వాసన కొడుతుంది. మూడోది, బజ్జీలు వేసిన రోజు, చికెన్ తెచ్చిన రోజు గుడ్డతో ఎట్లా?

స్టవ్ గట్టు కడప బండ, కింద బేతంచెర్ల బండలు. నూలు మంచిదా, మైక్రోఫైబరా? ఎన్ని ఉండాలి? లెక్కతో చెప్పండి.

హంద్రీగట్టు (కర్నూలు)

కొత్తగా ఏమీ కొనకండి. పాత నూలు లుంగీ ఒకటి చాలు. రెండు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న లుంగీని 32 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరిస్తే పొడుగునా ఆరు, అడ్డంగా మూడు, మొత్తం 18 ముక్కలు. చుట్టూ సెంటీమీటరు మడిచి కుట్టిస్తే 30 సెంటీమీటర్ల గుడ్డ తయారు. కుట్టించకుండా వాడితే మూడో ఉతుక్కే పోగులు లేచిపోయి సింకు జాలీలో చుట్టుకుంటాయి. అంచున మిగిలే 24 సెంటీమీటర్ల పట్టీని నాలుగు పొరలు మడిచి కుట్టిస్తే మసిగుడ్డలు అవుతాయి.

అయితే అది నిజంగా నూలేనా అని ముందు చూసుకోండి. మెత్తగా ఉన్నంత మాత్రాన నూలు కాదు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, స్టీలు ప్లేటులో పెట్టి అగ్గిపుల్లతో కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేలితో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే పోగు ముడుచుకుని కరిగి, చివర నల్లటి గట్టి పూస మిగులుతుంది. అట్లాంటి గుడ్డ నీళ్లను గట్టు మీద అటూ ఇటూ తోస్తుందే గానీ పీల్చదు. దాన్ని దుమ్ము దులపడానికి వాడుకోండి.

షాపులో కొత్త నూలు నాప్‌కిన్లు కొన్నా వాటికి గంజి ఉంటుంది. వేడినీళ్లలో రాత్రంతా నానేసి, రెండు మూడుసార్లు ఉతికాక గానీ దారికి రావు. మొదటి రోజే "ఇది పీల్చట్లేదు" అని పక్కన పడేయొద్దు.

మైక్రోఫైబర్ అంటే పాలిస్టర్, నైలాన్ సన్న పోగులు. ఫ్రిజ్ తలుపుకూ అద్దానికీ దాన్ని మించింది లేదు. వంటింటి జిడ్డుకు మాత్రం వద్దు, పట్టిన నూనె వదలదు. ఇప్పుడే ఆపిన బర్నర్ మీద వేస్తే కరిగి అతుక్కుంటుంది. ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ నూగు కాలువలోకి పోతుంది, అదొకటి. ఇంటికి రెండు చాలు.

ఇక లెక్క. గట్టుకు పొద్దునొకటి, సాయంత్రమొకటి. చేతులకు ఒకటి. కడిగిన బోకులు తుడవడానికి ఒకటి. రోజుకు నాలుగు. మూడు రోజులకోసారి ఉతికితే 12, ఉతికి ఆరేసినవి ఇంకో నాలుగు. 16 అయినాయి, లుంగీలో ఇంకా రెండు మిగిలే ఉన్నాయి. బండలు తుడిచే గుడ్డ ఈ లెక్కలోది కాదు. దాన్ని వీటితో కలిపి నానెయ్యను కూడా నానెయ్యొద్దు.

వాసన గుడ్డ తప్పు కాదు, ఆరేసే తీరు తప్పు. మనలో చాలామందిమి గుడ్డను పిండి, నాలుగు మడతలు వేసి సింకు కుళాయి మీద వేలాడదీస్తాం. పై పొర గంటలో ఆరుతుంది. లోపలి పొరల్లో తడి, అన్నం మెతుకు గంజి, నూనె చుక్క అన్నీ కలిసి సాయంత్రం దాకా ఉంటాయి. బ్యాక్టీరియాకు అంతకన్నా ఏం కావాల? అందుకే పిండిన ప్రతిసారీ దులిపి, ఒంటిపొరగా, రెండు క్లిప్పులు పెట్టి ఆరేయండి. మన ఏప్రిల్ ఎండకు ఒంటిపొర నూలు గుడ్డ అరగంట కూడా పట్టదు. రాత్రి వాడినవి తడిగా బకెట్లో కుక్కి మూత పెట్టొద్దు. ఆరనిచ్చి, తీగబుట్టలో వేసి, ఉతికే రోజు దాకా ఉంచండి.

మసిగుడ్డ ఎప్పుడూ పొడిగా ఉండాలి. తడి గుడ్డతో కాలే గిన్నె పట్టుకుంటే వేడి నేరుగా చేతికి ఎక్కుతుంది, ఆవిరి కూడా కొడుతుంది. గట్టు తుడిచిన గుడ్డతోనే కుక్కర్ దించేవాళ్లకు చేతులు కాలేది ఇందుకే.

వాముకారం (ప్రొద్దుటూరు)

పైన చెప్పిందంతా సరే. గట్టుకు మాత్రం వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి స్ప్రే కొట్టి గుడ్డతో తుడిస్తే జిడ్డూ పోతుంది, వాసనా పోతుంది. వెనిగర్ లేకుంటే నిమ్మచెక్క చాలు.

నాపరాయి (కడప)

వాముకారం అన్నా, గ్రానైట్ గట్టు అయితే మీ మాట ఏమో గానీ, కడప బండకు ఆ పని చేయొద్దు. అది సున్నపురాయి. బేతంచెర్ల బండ కూడా అంతే. పులుపు తగిలితే రాయి కరుగుతుంది. అనుమానముంటే గట్టు అడుగున కనపడని మూల ఒక్క చుక్క నిమ్మరసం వేసి చూడండి, సన్నగా బుడగలు లేస్తాయి. కోసిన నిమ్మచెక్కను నల్లటి కడప బండ మీద బోర్లా పెట్టి మర్చిపోతే గుండ్రంగా తెల్లటి అచ్చు పడుతుంది చూడండి, అది మరక కాదు. పాలిష్ తినేసిన చోటు. ఎంత రుద్దినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. చింతపండు పులుసు, పుల్ల మజ్జిగ ఒలికినా వెంటనే తుడవాలి. బాత్‌రూమ్ యాసిడ్ అయితే చెప్పనే అక్కర్లేదు.

కడప బండకు సరైన పద్ధతి: లీటరు నీళ్లలో అర టీస్పూను బోకులు తోమే లిక్విడ్. ఒక గుడ్డ అందులో ముంచి గట్టిగా పిండి తుడవాలి, తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో ఒకసారి, చివర పొడి గుడ్డతో ఒకసారి. చివరిది మానేస్తే ఉప్పునీళ్లు ఆరి నల్లబండ మీద తెల్లటి పొర కడుతుంది. జనం అది చూసి బండ పాడైందనుకుని కొబ్బరినూనె రుద్దుతారు. ఆ రోజుకు నిగనిగలాడుతుంది, మర్నాడు దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

నూనె ఒలికితే గుడ్డ గానీ కాగితం గానీ వేసి రుద్దకండి, చోటు పెద్దదవుతుంది. గుప్పెడు శెనగపిండో బియ్యప్పిండో చల్లి పది నిమిషాలు ఆగి, అట్టముక్కతో గీకి ఎత్తండి. ఆ తర్వాతే సబ్బునీళ్లు. బేతంచెర్ల బండ మీద ఇంకా తొందరగా చేయాలి, నూనె లోపలికి ఇంకితే నీడ మాదిరి నిలిచిపోతుంది.

చవుడునేల (గుత్తి)

అట్టగా మారే సంగతి నేను చెబుతా. ఉప్పునీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెల్లటి జిడ్డు ముద్ద అవుతాయి. అది పోగుల మధ్య కూర్చుంటుంది. నురగ రావట్లేదని ఇంకా రుద్దేకొద్దీ ఇంకా పేరుకుంటుంది. కాబట్టి ఈ గుడ్డలకు సబ్బు బిళ్ల మానేసి డిటర్జెంట్ పౌడరుకు రండి.

దానికి ముందు ఇంకో పని ఉంది. 15 లీటర్ల బకెట్టు బోరు నీళ్లలో ఒక టేబుల్ స్పూను బట్టల సోడా కలిపి కదపకుండా వదిలేయండి. వంట సోడా కాదు, బట్టల సోడా. నీళ్లు మసకేసి, తర్వాత అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. గంట ఆగి పైతేట మెల్లగా వంచుకుని దాంట్లో ఉతకండి. సగం పౌడరుతోనే నురగ వస్తుంది. మడ్డితో సహా కలిపేస్తే ఆ సున్నమంతా మళ్లీ గుడ్డకే పడుతుంది, చేసిన పని దండగ.

వారానికోసారి ఉడకెయ్యాలి. పెద్ద స్టీలు గిన్నెలో మూడు లీటర్ల తేట నీళ్లు, ఒక టేబుల్ స్పూను బట్టల సోడా, ఒక టీస్పూను డిటర్జెంట్, ఎనిమిది గుడ్డలు. మరగడం మొదలయ్యాక సన్న సెగ మీద పది నిమిషాలు. గిన్నె సగానికి మించి నింపొద్దు, నురగ పొంగి బర్నర్ ఆరిపోతుంది. సత్తు గిన్నె వాడొద్దు, సోడా దాన్ని తినేసి నల్లగా చేస్తుంది. పాత రోజుల్లో మన పక్క చవుడు మన్ను వేసి బట్టలు ఉడకేసేవాళ్లు కదా, ఆ మన్నులో పనిచేసేదీ ఈ సోడానే.

పసుపు మరక సోడా తగలగానే ఎర్రగా తిరుగుతుంది. గాబరా పడొద్దు, పసుపు గుణమే అంత. తడిగా ఉండగానే ఎండలో వేస్తే రెండు మూడు పూటల్లో వెలిసిపోతుంది.

ఇప్పటికే అట్టయిన గుడ్డలకు: ప్లాస్టిక్ బకెట్లో మూడు లీటర్ల నీళ్లు, అర కప్పు తెల్ల వెనిగర్, అరగంట. వాముకారం గారి వెనిగర్ ఇక్కడ పనికొస్తుంది! ఆ నీళ్లు బేతంచెర్ల బండల మీద మాత్రం పారబోయకండి. బ్లీచ్ పెట్టిన గుడ్డను అందులో వేయకండి, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది.

చివరి జాలింపు ఒక్కటీ కుళాయి నీళ్లతో చేయండి. ఎనిమిది గుడ్డలకు మూడు లీటర్లు చాలు. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లతో జాలించొద్దు, మిషన్‌లోకి పోయిన నీళ్లకన్నా వాటిలోనే ఉప్పు ఎక్కువ. మెత్తదనానికి ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలే వద్దు, పోగుల మీద మైనం మాదిరి పొర వేస్తుంది. గుడ్డ మెత్తగా ఉంటుంది, నీళ్లు మాత్రం పీల్చదు.

కారందోశ (అనంతపురం)

కాగితాన్ని పూర్తిగా మానేయమని నేను చెప్పను. కొన్నిటికి కాగితమే సరి.

చికెన్ నీళ్లు గట్టు మీద పడితే రెండు షీట్లతో అద్ది పారేయండి. తర్వాత సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ నేరుగా ఉతుక్కు పోవాలి, మళ్లీ క్లిప్పుకు ఎక్కొద్దు. చికెన్‌ను కుళాయి ధార కింద కడిగే అలవాటు మానితే సగం గోల తగ్గుతుంది, ఆ చిందులు పక్కనున్న బోకుల దాకా పోతాయి. గాజు గ్లాసు పగిలినప్పుడు కనపడని ముక్కలు తడి కాగితంతో అద్ది తీయాలి, గుడ్డతో తీస్తే ముక్క అందులోనే ఉండి రేపు చేతికి గుచ్చుకుంటుంది. బాండలిలో మిగిలిన నూనె జిడ్డు తోమేముందు ఒక షీటుతో తుడిస్తే సింకు పైపూ బాగుంటుంది. దీనికి పాత బనియన్ ముక్కలు, అరచేతి అంత సైజువి, ఇంకా నయం.

బజ్జీలకు మాత్రం కాగితం అలవాటే తప్పు. ఉగ్గానిలోకి వేసిన మిరపకాయ బజ్జీని టిష్యూ మీద పెడితే కింది పక్క ఆవిరి బయటికి పోలేక పిండి మెత్తబడుతుంది. ప్లేటు మీద తీగ జాలీ పెట్టి దాని మీద వేయండి, నూనె కిందికి కారుతుంది, బజ్జీ కరకరలాడుతుంది. జాలీ లేకుంటే చిల్లుల గిన్నె. న్యూస్ పేపరు మాత్రం వద్దు. సిరా నూనెలోకి దిగుతుంది, 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తినేవాటికి దాన్ని నిషేధించింది కూడా.

దోశ పెనం తుడవడానికి టిష్యూ వేస్తే నూగు అంటుకుంటుంది. ఎర్రగడ్డ సగానికి కోసి ఫోర్కుకు గుచ్చి నూనెలో అద్దితే చాలు. కొత్తిమీర ఫ్రిజ్‌లో దాచడానికి మీ లుంగీ ముక్క పొడిగా చుట్టినా టిష్యూ చేసే పనే చేస్తుంది.

ఇట్లా వాడితే వారానికి 12 నుంచి 15 షీట్లు. నెలకు ఒక రోల్. 240 ఖర్చు 60కి వస్తుంది. వాడిన షీటు టాయిలెట్‌లో వేయొద్దు. తడిసినా చిరక్కుండా దానికి రెసిన్ పెడతారు, కరగదు, పైపులో ఉండ కడుతుంది.

బుడ్డలనూనె (అనంతపురం)

అందరికీ థాంక్స్. పోగు కాల్చి చూస్తే లుంగీలో పూస మిగిలింది, పాత పంచె మాత్రం నూలే. ఇంకొక్కటి చెప్పండి. సెప్టెంబర్, అక్టోబర్‌లో ముసురు పట్టినప్పుడు ఆరేది ఎట్లా? గుడ్డ ఇక పనికిరాదని ఎప్పుడు తెలుస్తుంది?

హంద్రీగట్టు (కర్నూలు)

ముసురు రోజుల్లో గట్టుకు రోజుకొక్క గుడ్డే తీయండి. రాత్రి ఫ్యాన్ కింద ఒంటిపొరగా ఆరేయండి. పొద్దునకు చెమ్మ ఉంటే ఇస్త్రీ పెట్టె ఒకసారి తిప్పండి, ఆవిరి రావడం ఆగేదాకా. అదీ కుదరకపోతే ఆ రెండు రోజులూ కాగితమే వాడండి, తడి గుడ్డ కంటే అది మేలు.

రెండోదానికి ఒక్క నీటిచుక్క చాలు. పొడి గుడ్డను పరిచి మీద చుక్క వేయండి. వేసీ వేయగానే ఇంకితే గుడ్డ బాగున్నట్టు. అయిదు సెకన్లు పూస మాదిరి నిలబడితే జిడ్డో సున్నమో పట్టింది, ఉడకెయ్యండి. ఉడకేసి, వెనిగర్ నీళ్లలో నానేసినా చుక్క అట్లాగే నిలబడితే మూలకు చిన్న కత్తెర గాటు పెట్టి బండలు తుడిచే వాటిలోకి పంపండి. గాటు ఎందుకంటే, ఉతికి ఆరాక అది మళ్లీ వంటింటి వాటిలో కలిసిపోకుండా.