అప్‌డేట్: ఏసీ చెడిపోలేదు, తప్పు నాదే

హీటింగ్ మోడ్‌లో ఏసీ తెల్లవారుజామున మాటిమాటికీ ఆగిపోతోంది, తీసేసి ఆయిల్ హీటర్ కొనాలా అని అడిగాను కదా. కొనలేదు. నిన్న ఐదింటికే లేచి టార్చి పట్టుకుని బయటి యూనిట్ దగ్గర కాపలా కాస్తే, వెనక రేకుల మీద తెల్లగా మంచు పేరుకుంది, ఫ్యాన్ ఆగింది, బుస్సుమని చప్పుడొచ్చి ఐదారు నిమిషాల్లో అదంతా కరిగి నీళ్లు కారాయి, మళ్లీ వెచ్చగాలి మొదలైంది. డీఫ్రాస్ట్ (పేరుకున్న మంచుని ఏసీ తనే కరిగించుకోవడం) అన్నమాట, రిపేరు కాదు. కాకపోతే గంటకు మూడుసార్లు కావడం నా నిర్వాకమే, యూనిట్‌కి ఆనించి అట్టపెట్టెలు పేర్చి గాలి ఆడకుండా చేశాను. తీసేశాక రాత్రికి ఒకటి రెండుసార్లే. లోపలి ఫిల్టర్ కూడా కడిగాను (దుమ్ము చాపలా ఊడొచ్చింది!). ఆయిల్ హీటర్ ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది, ఈమాత్రం చలికి ఏసీ దాదాపు 3 యూనిట్ల వేడి ఇస్తుంది, కాబట్టి దీన్నే ఉంచుతున్నా.