2000 కోడిపిల్లలకు గ్యాస్ బ్రూడర్: ఎన్ని కావాలి, ఎట్లా బిగించాలి?

ప్రశ్న (ఉదయగిరి దగ్గర):
బ్రాయిలర్ షెడ్డు. రేకుల కప్పు, రెండు పక్కలా మెష్, పరదాలు ఉన్నాయి. డిసెంబర్‌లో 2000 పిల్లలు దిగుతాయి. బల్బులు పెడితే కరెంటు పోయిన రాత్రి పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. గ్యాస్ బ్రూడర్ (పిల్లలకు వేడినిచ్చే గ్యాస్ హీటర్) ఎంత సైజుది తీసుకోవాలి? సిలిండర్ లోపల పెట్టొచ్చా? పరదాలు పూర్తిగా మూసేస్తే వేడి బయటికి పోదు గదా, అప్పుడు ఒక్కదాంతో సరిపోదా?

జవాబు 1 (కావలి):
ఒక్కటి చాలదన్నా. గంటకు 5000 కిలోక్యాలరీల బ్రూడర్ మీద 1000 పిల్లలకని రాసి ఉంటుంది. అది అన్ని వైపులా మూసిన షెడ్డు లెక్క. మెష్ షెడ్డుకి ఒక్కోదాని కింద 700 మించి వద్దు, మూడు తీసుకోండి. మంట ఆరిపోతే గ్యాస్‌ను దానంతటదే ఆపే థర్మోకపుల్ వాల్వు ఉన్నదే కొనండి. ధర తక్కువని అది లేని రకం తేవద్దు.

ఒక్కోటీ గంటకి దాదాపు 450 గ్రాముల గ్యాస్ తాగుతుంది. మూడింటినీ ఒకే 19 కిలోల సిలిండర్‌కి కలిపితే లోపలి ద్రవం అంత వేగంగా ఆవిరి కాలేదు. సిలిండర్ చల్లబడి ఒళ్లంతా చెమట పడుతుంది, తెల్లవారుజామున అసలు వేడి కావాల్సినప్పుడే మంట కుంగిపోతుంది. అప్పుడు కొందరు కింద మంట పెడతారు, ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే బ్రూడర్‌కి ఒక సిలిండర్ పెట్టండి. ఒకటి అయిపోయినా మిగతా రెండూ మండుతుంటాయి.

సిలిండర్ షెడ్డు బయట, నీడలో, గట్టు మీద నిటారుగా ఉండాలి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కాలవలో, గుంటలో పేరుకుంటుంది కాబట్టి వాటికి దూరంగా పెట్టండి. వంట రెగ్యులేటర్ 30 మిల్లీబార్లకు చేసింది. బ్రూడర్ ప్లేటు మీద ఎంత ఒత్తిడి రాసి ఉందో చూసి, దానికి సరిపోయే రెగ్యులేటరే వాడండి. మామూలు రబ్బరు ట్యూబు కాదు, లోపల తీగ అల్లిన సురక్షా గొట్టం వేయండి. ప్రతి జాయింటుకీ సబ్బు నురగ పూసి చూడాలి. అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడొద్దు.

జవాబు 2 (ఒంగోలు):
పరదాల సంగతి నేను చెప్తా, అసలు నష్టం అక్కడే జరుగుతుంది. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకి పైగా నీళ్లు ఆవిరిగా వస్తాయి. మూడు బ్రూడర్లు 12 గంటలు నిండుగా మండితే 16 కిలోల గ్యాస్, అంటే పాతిక లీటర్ల నీళ్లు షెడ్డులోకి వదిలినట్టే! అన్నీ మూసేస్తే ఆ తడంతా రేకుకి పట్టి, చుక్కలై నేల మీద పరిచిన ఊక మీద పడుతుంది. ఊక తడిస్తే అమ్మోనియా లేస్తుంది, పిల్లల కళ్లు మండుతాయి. పైగా కిలో గ్యాస్‌కి దాదాపు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. అది చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది, దానికి వాసనుండదు. తొలివారం ఆక్సిజన్ తగ్గిన పిల్లలకి నాలుగో వారంలో నీటిపొట్ట వచ్చే ప్రమాదం ఎక్కువ.

కాబట్టి పరదా పైన జానెడు ఖాళీ ఎప్పుడూ వదలండి, ముసురు రోజైనా సరే. కింద మాత్రం పిల్లల మీదికి గాలి కొట్టకుండా మూసేయండి. పరదా మూసి మిగిల్చిన గ్యాస్ డబ్బు మందులకే పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
జానెడు వదిలితే వేడి నిలుస్తుందా అన్నా? బ్రూడర్ ఎంత ఎత్తులో పెట్టాలి?

జవాబు 1:
నిలుస్తుంది, కాకపోతే పిల్లలు దిగడానికి 24 గంటల ముందే వెలిగించండి, ఊక కూడా వేడెక్కాలి. ఊక రెండు మూడు అంగుళాలు, చుట్టూ 14 అడుగుల అడ్డుకొలతతో చిక్ గార్డు (పిల్లలు దూరం పోకుండా గుండ్రంగా కట్టే అడ్డు). బ్రూడర్‌ని మీటరు ఎత్తులో ఇనుప గొలుసుతో వేలాడదీయండి, నైలాన్ తాడు వేడికి తెగుతుంది. కంపెనీ వేరే ఎత్తు రాస్తే అదే పాటించండి. థర్మామీటరు పిల్ల వీపు ఎత్తులో పెట్టండి. తొలివారం 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రండి.

థర్మామీటరు కన్నా పిల్లల్నే ఎక్కువ నమ్మండి. బ్రూడర్ కిందే గుమిగూడితే చలి, రెక్కలు దించి రొప్పుతూ గార్డు దాకా పోతే వేడి ఎక్కువైనట్టు. అన్నీ ఒకే పక్కకి చేరితే రెండో వైపు నుంచి గాలి కొడుతోందని అర్థం.

జవాబు 2:
ఇంకోటి. నీలంగా, ఎర్రగా మండాల్సిన బర్నరు పసుపుపచ్చగా మారి మసి పడితే ఊక దుమ్ము గాలి రంధ్రాలకి పట్టినట్టు. గ్యాస్ కట్టేసి, చల్లారాక ఫిల్టర్ దులిపి బ్రష్‌తో తుడవండి. గ్యాస్ బయటికొచ్చే సన్న రంధ్రమున్న జెట్‌లో మాత్రం తీగ, పిన్ను పెట్టొద్దు. రంధ్రం వెంట్రుక వాసి పెద్దదైనా గ్యాస్ ఎక్కువొచ్చి మళ్లీ పసుపు మంటే. బ్యాచ్‌కోసారి కాదు, బ్రూడర్ వెలిగించే మూడు వారాల్లో రోజు మార్చి రోజు దులపండి.