ఇంటర్నెట్ ఒక్కటీ ఉంటే పేదరికం నుంచి బయటపడవచ్చా?

పదో_వరుస (రాత్రి 10:58)
ఇంట్లో ఒక ఫోను ఉంది. చదువు మధ్యలో ఆగిపోయింది, ఇప్పుడు కూలి పని. ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నామని చెప్పేవారి వీడియోలు చూశాను. అది నిజంగా జరిగే పనేనా? జరిగేదే అయితే మొదట ఏది నేర్చుకోవాలి?

నిచ్చెన (రాత్రి 11:02)
ఎందుకు జరగదు తమ్ముడూ? నేను పైకి వచ్చింది ఆ దారినే. ఫీజు కట్టలేక కాలేజీ మానేశాను. తెర పగిలిన పాత ఫోనులో రెండేళ్లు రాత్రిళ్లు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. ఫోనులో కోడ్ రాయడం ఎంత చాకిరీయో చేసినవాడికే తెలుసు. ఒక్క బ్రాకెట్ పెట్టాలంటే కీబోర్డు మార్చాలి, మళ్లీ అక్షరాలకు రావాలి. అందుకే ముందు కాగితం మీద రాసుకుని, తప్పులు దిద్దుకుని, ఆ తర్వాతే ఎక్కించేవాణ్ణి. ఈరోజు మా ఇల్లు నా జీతంతోనే నడుస్తోంది.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలను అందరికీ ఉచితంగా పెడతానని 2001లోనే ప్రకటించింది. ఖాన్ అకాడమీ అనే ఆన్‌లైన్ పాఠాల సంస్థ 2008 నుంచి ఉంది, కూడికల నుంచి కలన గణితం దాకా పైసా అడగదు. మంగోలియాలో బట్టుషిగ్ అనే పదిహేనేళ్ల అబ్బాయి 2012లో ఎంఐటీ ఆన్‌లైన్‌లో పెట్టిన సర్క్యూట్ల కోర్సులో నూటికి నూరు తెచ్చుకున్నాడు. చేరిన లక్షన్నర మందిలో అలా తెచ్చుకున్నవారు 340 మంది. తర్వాత బట్టుషిగ్‌కు అదే ఎంఐటీలో సీటు వచ్చింది. బావి వాకిట్లోకి వచ్చింది, తోడుకోవడం మన పని.

అచ్చుతప్పు (రాత్రి 11:20)
340 మంది సంగతి చెప్పారు, మిగతా వారి సంగతి? హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల మీద ఒక పరిశీలన 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తి చేసినవారు 3.13 శాతం. పేరు నమోదు చేసుకున్నవారిలో సగం మందికి పైగా లోపలికి అడుగే పెట్టలేదు. పైగా చేరేవారిలో ఎక్కువమంది సంపన్న దేశాలవారే. మీ బావి దగ్గర చేదలు వేస్తున్నది ఇంట్లో కుళాయి ఉన్నవాళ్లు.

నిచ్చెన (రాత్రి 11:31)
పూర్తి చేయకపోవడం కోర్సు తప్పా? గ్రంథాలయానికి వచ్చి నిద్రపోయేవారు ఉన్నారని గ్రంథాలయం మూసేస్తామా?

అచ్చుతప్పు (రాత్రి 11:33)
మూయమని నేను అనలేదు. 3.13 అన్నాను.

గోడమీది_పిల్లి (రాత్రి 11:40)
నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. నిద్ర కూడా వస్తోంది.

లెక్కలపుస్తకం (ఉదయం 6:15)
ఇంటర్నెట్ అంటే కోర్సులేనా? కేరళ జాలర్ల మీద ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ చేసిన అధ్యయనం చూడండి, 2007లో అచ్చయింది. 1997 నుంచి 2001 మధ్య తీరం వెంబడి మొబైల్ సేవలు వచ్చాయి. అంతకు ముందు జాలరి తనకు దగ్గరి రేవుకే వెళ్లేవాడు. అక్కడ కొనేవాడు లేకపోతే పట్టిన చేపలు సముద్రంలో పారబోయడమే. పక్క రేవులో అదే సమయానికి చేపలు దొరక్క జనం తిరిగి వెళ్లేవారు. ఫోను వచ్చాక పడవలోంచే నాలుగు రేవుల ధర కనుక్కుని, ఎటు వెళ్లాలో నిర్ణయించుకున్నారు. పారబోత దాదాపు ఆగింది. జాలరి లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. ఎవరూ సర్టిఫికెట్ సంపాదించలేదు.

కెన్యాలో ఎం-పెసా 2007లో మొదలైంది. ఫోనులోనే డబ్బు దాచుకోవచ్చు, పంపుకోవచ్చు. దానివల్ల 1,94,000 కుటుంబాలు తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డాయని 2016లో ఆర్థికవేత్తలు తవ్‌నీత్ సూరి, విలియం జాక్ లెక్కగట్టారు.

అచ్చుతప్పు (ఉదయం 7:04)
రెండూ మంచి ఉదాహరణలే, కానీ రెండింటిలో ఒక్కటీ ఇంటర్నెట్ కాదు. జాలర్లు చేసింది మామూలు ఫోను కాల్. ఎం-పెసా బటన్ల ఫోనులో సందేశాలతో నడిచింది. శీర్షికలో ఉన్న ప్రశ్న ఇంటర్నెట్ గురించి.

లెక్కలపుస్తకం (ఉదయం 7:10)
దూరాన ఉన్న సమాచారం పేదవాడి చేతికి అందడం ముఖ్యం. అది ఏ తీగ మీద వచ్చిందన్నది కాదు.

అచ్చుతప్పు (ఉదయం 7:12)
తీగే ముఖ్యం. బటన్ల ఫోనుకు కావలసిన డబ్బు వేరు, వీడియో పాఠానికి కావలసిన ఫోనుకు, డేటాకు అయ్యే డబ్బు వేరు.

లెక్కలపుస్తకం (ఉదయం 7:30)
సరే, ఇంటర్నెట్టే కావాలంటే అదీ ఉంది. ఆఫ్రికా తీరానికి సముద్రగర్భ కేబుళ్లు వచ్చాక వేగవంతమైన ఇంటర్నెట్ అందిన చోట ఉద్యోగాలు పెరిగాయని యోర్ట్, పౌల్సెన్ అనే ఆర్థికవేత్తలు 2019లో చూపించారు. పెద్దగా చదువుకోనివారికి కూడా పెరిగాయి.

(దీనికి ఎవరూ జవాబు ఇవ్వరని నాకు తెలుసు. పోట్లాటకు పనికిరాదు కదా.)

కందిరీగ (ఉదయం 9:48)
ఇంట్లో కూర్చుని టైపు చేస్తే డబ్బు అనే ప్రకటనల గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఇంటర్నెట్‌లో పేదవాడికి మొదట ఎదురయ్యే అవకాశం అదే.

నిచ్చెన (ఉదయం 10:20)
దానికి ఇంటర్నెట్ ఏం చేస్తుంది? కష్టపడకుండా డబ్బు రావాలనుకునే ఆశపోతులే వాటిలో పడతారు. నేనూ ఆ ప్రకటనలు చూశాను, పడలేదు. పట్టుదల ఉన్నవాడు పాఠం వెతుక్కుంటాడు, లేనివాడు సాకు వెతుక్కుంటాడు. ఇదిగో, ప్రశ్న అడిగిన తమ్ముడే చూడండి. పన్నెండు గంటలు కావస్తోంది, మళ్లీ కనబడలేదు. మనం ఇక్కడ గొంతు చించుకుంటున్నాం.

అచ్చుతప్పు (ఉదయం 10:58)
ఆశపోతులా? మా తమ్ముడి సంగతి చెబుతాను, వినండి.

పేజీకి ఇంత అని టైపింగ్ పని ఇచ్చారు. ముందు ఒప్పందం మీద సంతకం, రిజిస్ట్రేషన్ ఫీజు. వచ్చినవి చేతిరాత పేజీల ఫొటోలు, అదీ మసక. ‘ఒకటి’ అంకెకూ ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరానికీ తేడా తెలియదు. పన్నెండు రోజులు, నిద్ర మానుకుని ఆరువందల పేజీలు కొట్టాడు. కళ్లు ఎర్రబడి, పక్కన స్కేలు పెట్టుకుని వరుస తప్పకుండా చూసుకునేవాడు. పంపిన మర్నాడు జవాబు: తప్పులు రెండు శాతం దాటాయి, డబ్బు లేదు. నాలుగో రోజున లాయరు నోటీసు పేరుతో మరో మెయిల్: ఒప్పందం ఉల్లంఘించారు, నష్టపరిహారం కట్టండి, లేకపోతే కేసు. వాడు భయపడి అప్పు చేసి కట్టాడు. అది ఉత్తుత్తి నోటీసని చెప్పేవారు మా చుట్టుపక్కల ఒక్కరూ లేరు.

కష్టపడకుండా డబ్బు కావాలనుకున్నవాడు ఆరువందల పేజీలు టైపు చేస్తాడా? మా నాన్న వాడిని అన్న మాట కూడా మీరు అన్నదే. ఆశపోతు అని. ఆ తర్వాత వాడు ఫోను ముట్టుకోవడమే మానేశాడు.

నిచ్చెన (ఉదయం 11:15)
మీ తమ్ముడికి జరిగింది అన్యాయం. ఆయనను ఉద్దేశించి అనలేదు. కానీ ఒకరు మోసపోయారని దారే లేదనడం సరికాదు. నేను ఎవరి సాయం లేకుండా వచ్చాను. నాకు చేతనైంది ఇంకొకరికి కాదా?

అచ్చుతప్పు (ఉదయం 11:40)
ఎవరి సాయం లేకుండానా? మీ బట్టుషిగ్‌కే సాయం ఉంది. అతడి బడి ప్రిన్సిపాల్ ఎంఐటీలో చదివి వచ్చిన మనిషి. ఆ కోర్సును బడిలోకి తెచ్చింది ఆయనే. ప్రయోగాలు చేయించడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి ఒకరు పరికరాలతో సహా వచ్చారు. అబ్బాయి తెలివిని నేను తక్కువ చేయడం లేదు. మీరు కథ చెప్పేటప్పుడు ప్రిన్సిపాల్‌ను ఎందుకు వదిలేశారు అంటున్నాను.

మీ కథలోనూ ఒకరిని వదిలేశారు. కిందటి సంవత్సరం ఇదే వేదికలో పాత ఫోన్ల చర్చలో మీరే రాశారు: ఆ పగిలిన తెర ఫోను మీ అక్కది, రీచార్జి చేయించింది ఆమె జీతంతో.

కందిరీగ (ఉదయం 11:44)
ఓహో.

నిచ్చెన (మధ్యాహ్నం 12:05)
మా అక్కను ఇందులోకి లాగకండి. ఆమె ఇష్టంగా ఇచ్చింది. ఇంట్లో ఎవరో ఒకరు చదవాలి, నేను చదివాను. రాత్రి తొమ్మిది నుంచి రెండు దాకా నేలమీద గోడకు ఆనుకుని కూర్చున్నది నేను, ఆమె కాదు. ఆమెకు వీటిమీద ఆసక్తి కూడా లేదు.

అచ్చుతప్పు (మధ్యాహ్నం 12:09)
ఆసక్తి లేదని ఆమె చెప్పారా, మీరు అనుకున్నారా?

లెక్కలపుస్తకం (మధ్యాహ్నం 1:20)
ఈ మాట వచ్చింది కాబట్టి: తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో మొబైల్ ఇంటర్నెట్ వాడే అవకాశం మగవారి కంటే ఆడవారికి 15 శాతం తక్కువని మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ 2024 నివేదిక. ఫోను ఇంట్లో ఉండటం వేరు, చేతిలో ఉండటం వేరు.

అచ్చుతప్పు (మధ్యాహ్నం 1:35)
నేను పొద్దుటి నుంచి 3.13 పట్టుకుని వేళ్లాడాను, నిజానికి నా బాధ అది కాదు. పాఠాలు పెట్టడం మంచిదే. ‘అంతా అక్కడ ఉంది, ఇక నీ ఇష్టం’ అని చెప్పి చేతులు దులుపుకోవడం నాకు గిట్టదు. అలా అన్నాక రానివాడు సోమరి అయిపోతాడు, మోసపోయినవాడు ఆశపోతు అయిపోతాడు.

నిచ్చెన (సాయంత్రం 6:50)
నాకు గిట్టనిది కూడా చెబుతాను. మా వీధిలో నన్ను చూసి ‘నీకు కుదరదు’ అన్నవాళ్లంతా మీలాగే జాలిగా మాట్లాడేవారు. అంకెలు మాత్రం వాళ్లకు తెలియవు. మీ మాటలు వింటే నేను మొదటి రాత్రే ఫోను పక్కన పెట్టేవాణ్ణి.

పదో_వరుస (రాత్రి 10:33)
ఇప్పుడే అన్నీ చదివాను. మాయం కాలేదండీ. పగలంతా ఫోను మా అన్నయ్య దగ్గర ఉంటుంది, తర్వాత పిల్లలు చూస్తారు. నా చేతికి వచ్చేది పదిన్నరకు, గంటసేపు. పదకొండున్నరకు దీపం ఆర్పేస్తారు. నిన్న ఇక్కడ రాయడానికే సగం గంట అయింది.

ఇంకొకటి, నేను తమ్ముణ్ణి కాను.

రోజుకు గంట. చదవడం, రాయడం, లెక్కలు వచ్చు. ఏది మొదలు పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

నిచ్చెన (రాత్రి 10:41)
క్షమించండి, అమ్మా.

గంటే అయితే ప్రోగ్రామింగ్ జోలికి ఇప్పుడే వద్దు. ముందు స్ప్రెడ్‌షీట్ (గళ్లలో అంకెలు వేసి లెక్కలు చేసే ప్రోగ్రాం) నేర్చుకోండి. లెక్కలు వచ్చు అన్నారు కాబట్టి త్వరగా పట్టుబడుతుంది, దుకాణాల్లోనూ ఆఫీసుల్లోనూ లెక్క రాసే పనికి అది అడుగుతారు. వీడియోలు తీసుకోకండి, డేటా తినేస్తాయి. అక్షరాల్లో ఉన్న పాఠం దాచుకుని, పగలు చూసుకునేలా కాగితం మీదకు ఎక్కించుకోండి. నోటుపుస్తకం ఎవరూ అడగరు.

అచ్చుతప్పు (రాత్రి 10:47)
ఉద్యోగం ఇస్తామని ముందుగా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి, ఒప్పందం ఎంత గట్టిగా కనిపించినా సరే. బెదిరింపు మెయిల్ వస్తే కట్టే ముందు ఇక్కడ పెట్టండి. స్ప్రెడ్‌షీట్ విషయంలో నిచ్చెన గారి మాటే నాదీ.

గోడమీది_పిల్లి (రాత్రి 10:50)
ఒకే మాట మీదకు వచ్చారా? నేను ఇప్పుడు ఎటు దూకాలి?

నిచ్చెన (రాత్రి 11:16)
అచ్చుతప్పు గారూ, అక్కకు ఫోన్ చేశాను. మీరు అడిగినదానికి జవాబు చెబుతాను కానీ ఇక్కడ కాదు.

పదో_వరుస (రాత్రి 11:27)
సెల్లు, వరుస, నిలువు దాకా రాసుకున్నాను. ఫార్ములా దగ్గర ‘ఈక్వల్’ గుర్తు ముందు ఎందుకు పెట్టాలో అర్థం కాలేదు. జవాబు రాసి ఉంచండి, రేపు పదిన్నరకు చూస్తాను.