యువ గోలీకి మొదటి రౌండు పిక్ ఇవ్వవచ్చునా?

నీలిగీత:

2024 ఆగస్టులో ఐస్ హాకీ ఆడే శాన్ హోసే షార్క్స్ జట్టు యారోస్లావ్ అస్కరోవ్ అనే రష్యన్ గోలీ (గోల్ కాపాడే ఆటగాడు) కోసం నాష్‌విల్ ప్రెడేటర్స్‌కు 2025 డ్రాఫ్టులోని (జట్లు ఏటా యువ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలోని) ఒక మొదటి రౌండు పిక్‌ను, అంటే మొదటి వంతులో ఎంచుకునే హక్కును, డేవిడ్ ఎడ్‌స్ట్రమ్ అనే పంతొమ్మిదేళ్ళ ఫార్వర్డ్‌ను (దాడి ఆటగాణ్ణి), మాగ్నస్ క్రోనా అనే మరో గోలీని ఇచ్చింది. అస్కరోవ్ వెంట ఒక మూడో రౌండు పిక్, మరో కుర్రాడు కూడా వచ్చిన మాట నిజమే గాని, బేరం జరిగింది అస్కరోవ్ కోసమే. 2020 డ్రాఫ్టులో 11వ స్థానంలో ఎంపికైన అతడు అప్పటికి ఉత్తర అమెరికా అగ్రశ్రేణి లీగైన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడినవి మూడే మ్యాచ్‌లు. అంతటి గోలీకి ఇంత ధర తగదన్నది నా వాదన.

కారణం చెప్పడానికి 2012 జూన్‌లో జరిగిన రెండు బేరాలు చాలు. నాష్‌విల్‌లో ప్రధాన గోలీ పెక్కా రిన్నే వెనుక రెండు సీజన్లు కూర్చున్న ఆండర్స్ లిండ్‌బ్యాక్ అనే ఆరడుగుల ఆరంగుళాల యువకుడి కోసం టాంపా బే జట్టు రెండు రెండో రౌండు పిక్‌లను, ఒక మూడో రౌండు పిక్‌ను ఇచ్చింది. అదే నెలలో ఫిలడెల్ఫియా జట్టు సెర్గే బాబ్రోవ్‌స్కీని ఒక రెండో రౌండు పిక్‌కు, రెండు నాలుగో రౌండు పిక్‌లకు కొలంబస్‌కు ఇచ్చివేసింది. అంటే సంత మొత్తం కలిసి, ఇద్దరిలో లిండ్‌బ్యాకే ఎక్కువ విలువైనవాడని తేల్చింది. ఏడాది తిరగకముందే టాంపా బే అతడి మీద ఆశ వదులుకుని ఒట్టావా నుంచి బెన్ బిషప్‌ను తెచ్చుకోగా, బాబ్రోవ్‌స్కీ కొలంబస్‌లో మొదటి సీజన్‌లోనే ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీని గెలిచి, 2017లో మళ్ళీ గెలిచి, ఫ్లోరిడా తరఫున 2024, 2025లలో లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. (ఫిలడెల్ఫియా ఆ రెండో రౌండు పిక్‌తో ఎంచుకున్న ఆంథొనీ స్టోలార్జ్ 2024 కప్పు నాడు ఫ్లోరిడాలో బాబ్రోవ్‌స్కీకే బదులు గోలీగా ఉన్నాడు. ఇది వాదనకు అక్కరలేదు గాని, చెప్పకుండా ఉండలేకపోయాను.)

ముప్పై జట్ల నిపుణులకు తెలియనిది ఒక జట్టు నిపుణులకు తెలుస్తుందని నమ్మి మొదటి రౌండు పిక్ ఇవ్వడం నీళ్ళలో ఉన్న బర్రెను బేరమాడినట్లే.

శాన్ హోసే శ్రీను:

నీలిగీత గారు తమకు అనుకూలమైన ఉదాహరణను చక్కగా ఎంచుకున్నారు. మా ఊరి జట్టుదే మరొకటి నేను ముందుంచుతాను. 2015 జూన్ 30న షార్క్స్ జట్టు మార్టిన్ జోన్స్ కోసం బోస్టన్‌కు 2016 మొదటి రౌండు పిక్‌ను, షాన్ కురాలీని ఇచ్చింది. అంతకుముందు లాస్ ఏంజెలిస్‌లో జొనాథన్ క్విక్ వెనుక బదులు గోలీగా ఉండిన జోన్స్, సంవత్సరం తిరిగేసరికి జట్టును ఫైనల్‌కు చేర్చాడు. డ్రాఫ్టులో వెనుకబడిన జట్లే ముందు ఎంచుకుంటాయి కాబట్టి, జట్టు అంత దూరం వెళ్ళినందువల్ల ఆ పిక్ కూడా 29వ స్థానానికి జారిపోయింది. గోలీ బాగుంటే అతడి ధరను అతడే తగ్గిస్తాడన్నమాట.

ఇక అస్కరోవ్ బేరంలో ఇచ్చిన పిక్, ఎడ్‌స్ట్రమ్ రెండూ షార్క్స్‌కు తొమాస్ హెర్టెల్‌ను వేగస్‌కు పంపినప్పుడు వచ్చినవే. ఆ పిక్ వేగస్‌ది, అంటే చివరి స్థానాల్లో పడుతుందని ముందే తెలిసినది. మొదటి రౌండు అన్న మాట ఒక్కటే అయినా, మూడో స్థానానికీ ఇరవై ఎనిమిదో స్థానానికీ పోలిక లేదు. అడుగు నుంచి కట్టుకుంటున్న జట్టు అలాంటి చివరి పిక్‌తో గోలీని కొనడంలో తప్పేమున్నదో చెప్పండి.

గణకుడు:

మీరిద్దరూ ఫలితాలు తెలిసిన తరువాత బేరాలను తూస్తున్నారు. బేరం కుదిరిన రోజున చేతిలో ఎంత సమాచారం ఉంటుందో లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది.

బదులు గోలీ ఒక సీజన్‌లో ఇరవై చిల్లర మ్యాచ్‌లు ఆడి, సుమారు 550 షాట్లను ఎదుర్కొంటాడనుకోండి. అతడి నిజమైన సామర్థ్యం 0.910, అంటే వంద షాట్లలో తొంభై ఒకటి ఆపగలవాడు. అలాంటివాడు 550 షాట్లలో దాదాపు 50 గోల్స్ ఇవ్వాలి. కానీ ఏ తప్పూ, ఏ మెరుగుదలా లేకుండా, కేవలం అదృష్టం అటూ ఇటూ ఊగినందువల్లనే ఆ సంఖ్య 43 కావచ్చు, 56 కావచ్చు. మొదటిదైతే అతడి సేవ్ పర్సంటేజ్ 0.922 అని పత్రికలు పొగుడుతాయి, రెండోదైతే 0.898 అని జట్టు అమ్మకానికి పెడుతుంది. మనిషి మాత్రం ఒక్కడే. అరవై మ్యాచ్‌లు ఆడే ప్రధాన గోలీకి, అంటే సుమారు 1,700 షాట్లకు లెక్క వేసినా, ఈ ఊగిసలాట 0.903 నుంచి 0.917 వరకు ఉంటుంది.

బాబ్రోవ్‌స్కీ విషయమే తీసుకోండి. ఫిలడెల్ఫియాలో మొదటి సీజన్‌లో 54 మ్యాచ్‌లాడి 28 విజయాలు, 0.915 సాధించాడు. మరుసటి సంవత్సరం ఫిలడెల్ఫియా తొమ్మిదేళ్ళకు 5.1 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఇల్యా బ్రిజ్‌గలోవ్‌ను తెచ్చి అతడిని పక్కన కూర్చోబెట్టింది. ఆ సీజన్‌లో అతడి అంకె 0.899. పైన చెప్పిన పరిధిలో ఈ రెండు అంకెలూ ఒకే గోలీవి కావడానికి ఏ అడ్డూ లేదు. సంత రెండో అంకెను చూసి ధర కట్టింది.

మరొక సంగతి. లీగు సగటే 2014–15లో దాదాపు 0.915 ఉండగా, 2024–25 నాటికి దాదాపు 0.900కు పడిపోయింది. పాత గోలీల అంకెలను పక్కన పెట్టుకుని నేటి కుర్రవాళ్ళను తక్కువ చేసేవారు ముందుగా ఈ తేడాను తీసివేసి మాట్లాడాలి.

మిస్సిసాగా మూర్తి:

టొరాంటో అభిమాని ఉన్న చోట ఈ చర్చ 2006 జూన్ 24 దగ్గరికి రాక తప్పదు. 2005లో 21వ స్థానంలో ఎంచుకున్న టూకా రాస్క్‌ను, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, మా జట్టు బోస్టన్‌కు ఇచ్చి ఆండ్రూ రేక్రాఫ్ట్‌ను తెచ్చుకుంది. రేక్రాఫ్ట్ 2004లో ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచినవాడు కాబట్టి, మావాళ్ళు పరీక్షలో నెగ్గినవాణ్ణి కొంటున్నామని నమ్మారు. గణకుడు గారి లెక్క ప్రకారం వారు కొన్నది ఒక మంచి సీజన్‌ను మాత్రమే.

2006–07లో రేక్రాఫ్ట్ 37 మ్యాచ్‌లు గెలిచి మా జట్టు రికార్డును సమం చేశాడు. వినడానికి ఎంతో బాగుంటుంది. అదే సీజన్‌లో అతడి సేవ్ పర్సంటేజ్ 0.894, జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్ళలేదు. గోలీకి విజయాలను లెక్కగట్టడం ఎంత మోసకరమో అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2008లో జట్టు అతడి ఒప్పందాన్ని డబ్బిచ్చి రద్దు చేసుకుంది. రాస్క్ 2014లో వెజినా గెలిచాడు. 2013 మే నెలలో ప్లేఆఫ్స్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో 4–1 ఆధిక్యం నుంచి మేము ఓడిపోయిన రాత్రి అవతలి నెట్‌లో నిలబడినవాడు కూడా అతడే. ఆ రాత్రిని గురించి ఇంతకంటే రాయను.

అయితే నేను చెప్పదలచుకున్నది వేరు. మావాళ్ళు రాస్క్‌ను ఎందుకు వదులుకోగలిగారు? వారి దగ్గర జస్టిన్ పోగ్ అనే మరో యువ గోలీ ఉన్నాడు. 2006 ప్రపంచ జూనియర్ పోటీల్లో కెనడాకు స్వర్ణం తెచ్చిన ఆ కుర్రాడే భవిష్యత్తు అని నిర్ణయించుకున్నారు. అతడు ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం ఆడినవి ఏడు మ్యాచ్‌లు. ఇతరుల గోలీని అంచనా వేయలేకపోవడం క్షమించదగినదే. తామే ఎంచుకున్న తమ ఇద్దరిలో ఎవరు మేలో కూడా తెలుసుకోలేకపోయారంటే, నీలిగీత గారి మాటలో చాలా నిజముందనే ఒప్పుకోవాలి.

ఎడిసన్ కుర్రాడు:

2013లో మా న్యూజెర్సీ జట్టు కోరీ ష్నైడర్ కోసం 9వ పిక్ ఇచ్చింది. వాంకూవర్ దానితో బో హోర్వాట్‌ను ఎంచుకుని తరువాత అతడిని కెప్టెన్‌ను చేసింది. మాకు మొదటి కొన్నేళ్ళు మంచి గోలీ దొరికాడు, చివరికి 2020లో ఒప్పందాన్ని రద్దు చేసుకోవలసి వచ్చింది. నష్టమని అనను, లాభమని కూడా అనలేను. ఒక్క మాట: ష్నైడర్‌కు అప్పటికి 27 ఏళ్ళు. యువ గోలీ అని మనం పిలిచేవారిలో సగం మంది, ఫార్వర్డ్ అయితే నడివయసు వాడనిపించుకునే వయసువారే.

వాల్తేరు వాసి:

నేను మీ ఆటకు కొత్తవాణ్ణి, క్రికెట్ కళ్ళతో చూస్తున్నాను. మా విశాఖపట్నం కె.ఎస్.భరత్ టెస్టుల్లో అడుగుపెట్టేసరికి 29 ఏళ్ళు వచ్చాయి; అది కూడా రిషభ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డ తరువాత, 2023 ఫిబ్రవరిలో. కీపర్ స్థానం ఒక్కటే కాబట్టి రెండోవాడి విలువ మొదటివాడి ఆరోగ్యం మీద ఆధారపడుతుంది. మీ గోలీలదీ ఇదే కథ అనిపిస్తున్నది. అలాంటప్పుడు ధర నిర్ణయించేది ఆటగాడి ప్రతిభా, లేక అతడి ముందు నిలబడినవాడా?

నీలిగీత:

వాల్తేరు వాసి గారు కొత్తవారైనా అసలు ప్రశ్న అడిగారు. నా మొదటి వాదనను దీని వెలుగులో కొంత సవరించుకుంటున్నాను.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్లుగా ఒక నెట్‌లో ఇద్దరు గోలీలు ఇమడరు. ఫార్వర్డ్ అయితే నాలుగో వరుసలోనైనా ఆడించవచ్చు. రెండో గోలీ బల్ల మీద కూర్చుంటే అంకెలు ఉండవు, అంకెలు లేకపోతే ధర ఉండదు. పైగా కొన్నేళ్ళు గడిచాక వేవర్స్ ద్వారా తప్ప కింది లీగుకు పంపలేరు, ఆ దారిలో పంపితే ఏ జట్టైనా ఊరికే ఎత్తుకుపోవచ్చు. 2017లో వేగస్ జట్టు పుట్టి, ఒక్కో పాత జట్టు నుంచి ఒక్కో ఆటగాణ్ణి తీసుకున్నప్పుడైతే నియమమే ఒక్క గోలీని కాపాడుకోమన్నది. రెండు కప్పులు గెలిపించిన కుర్రాడు మాట్ మరేను ఉంచుకుని, మార్క్-ఆండ్రే ఫ్లూరీని తీసుకుపొమ్మని పిట్స్‌బర్గ్ ఎదురు ఒక రెండో రౌండు పిక్ కూడా ఇచ్చింది. మూడేళ్ళ తరువాత అదే మరే ఒట్టావాకు ఒక రెండో రౌండు పిక్‌కు, ఒక కుర్రాడికి వెళ్ళిపోయాడు. ఫ్లూరీ 2021లో వెజినా గెలిచాడు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నది గోలీల సంతను చూసే పుట్టిన మాటలా ఉంటుంది.

అందుచేత నా సవరణ ఇది. ధరలో గోలీ ప్రతిభ ఎంత, అమ్మేవాడి ఇరుకు ఎంత అని విడదీసి చూడాలి. నాష్‌విల్ 2024 జులై 1న తమ ప్రధాన గోలీ యూసే సారోస్‌కు ఎనిమిదేళ్ళ ఒప్పందం ఇచ్చింది. ఆ సంతకంతో అస్కరోవ్‌కు ఆ ఊరిలో దారి మూసుకుపోయింది, వేరే జట్టుకు పంపమని అతడే కోరినట్లు వార్తలు కూడా వచ్చాయి. అంత ఇరుకులో ఉన్న అమ్మకందారుకు షార్క్స్ ఎందుకు పూర్తి ధర చెల్లించారన్నదే నా అభ్యంతరం. ఇక్కడ మరొక మాట: సారోస్ ఆరడుగులైనా లేని గోలీ, 2013లో 99వ స్థానంలో దొరికినవాడు. పేరు తెచ్చుకున్న గోలీలే అయిన కానర్ హెలెబక్ 130వ స్థానంలో, ఇగోర్ షెస్టర్కిన్ 118వ స్థానంలో, డస్టిన్ వుల్ఫ్ 214వ స్థానంలో దొరికారు. నాలుగో రౌండులో, ఏడో రౌండులో ఇలాంటివారు దొరుకుతున్నప్పుడు ఏటా ఒక చివరి పిక్ గోలీకి కేటాయించి ఓపిక పట్టడమే నయమని ఇప్పటికీ అంటాను.

శాన్ హోసే శ్రీను:

ఆ చివరి పిక్‌లలో దొరికినవారి పేర్లే మనకు గుర్తుంటాయి, దొరకనివారి పేర్లు ఎవరూ రాయరు. దానికి తోడు, హెలెబక్ 2012లో ఎంపికై 2015లో గాని ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టలేదు. ఆ నిరీక్షణ కాలమంతా నెట్‌లో ఎవరో ఒకరు నిలబడాలి గదా. 2021లో మార్టిన్ జోన్స్ ఒప్పందాన్ని కూడా మావాళ్ళు రద్దు చేసుకున్నారని మీరు గుర్తు చేయకముందే నేనే ఒప్పుకుంటున్నాను. దాంతో ఖాళీ అయిన నెట్‌ను నిండా చూసినవాణ్ణి నేను.

ఇరుకు సంగతికి వస్తే, అమ్మేవాడు ఒక్కడే ఇరుకులో ఉంటే మీ మాట నిజం. కానీ కొనేవాడు ఒక్కడే ఉన్నప్పుడు మాత్రమే ధర పడుతుంది. 2025 మార్చిలో ఫ్లోరిడా జట్టు స్పెన్సర్ నైట్‌ను ఇదే స్థితిలో, బాబ్రోవ్‌స్కీ వెనుక నుంచి, అమ్మింది. నైట్‌తో పాటు షరతులతో కూడిన మొదటి రౌండు పిక్ ఒకటి షికాగోకు ఇచ్చి సెత్ జోన్స్ అనే డిఫెండర్‌ను తెచ్చుకుని, ఆ జూన్‌లోనే కప్పు గెలిచింది. అక్కడ గోలీని తాళంచెవిలా వాడుకున్నవారు అమ్మకందారులే. నాష్‌విల్ కూడా తొందరపడలేదు. సారోస్ సంతకం నుంచి అస్కరోవ్ బేరం వరకు ఏడు వారాలకు పైగా ఆగి, మా దగ్గర తమకు కావలసింది రాబట్టుకుంది. ఆ ఏడు వారాల్లో రెండో రౌండు పిక్‌తో సరిపెట్టుకోగల జట్టు ఏదైనా ఉండి ఉంటే అది ఏదో నీలిగీత గారు చెప్పాలి.

గణకుడు:

ఉండి ఉంటే 2012 జూన్‌లో కొలంబస్.