రెండేళ్ల పరిచర్యకు సామాను: ఖరీదైన సూట్‌కేసులా, చవక సంచులా?

కొత్త ప్రయాణం:
అందరికీ వందనాలు. నేను, మా ఆయన, నాలుగేళ్ల పాప. రెండేళ్ల క్రైస్తవ పరిచర్యకు వేరే దేశం వెళ్తున్నాం. ఒక బడి, చిన్న ఆసుపత్రి ఉన్న పల్లె. విమానం దిగాక బస్సు, ఆ తర్వాత మట్టిరోడ్డు మీద జీపు. టికెట్టు ప్రకారం మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి, చేతిలో 7 కిలోలు. ఖర్చంతా మా చర్చి సంఘం వాళ్లు ఇచ్చిన కానుకల్లోంచే. పదేళ్ల గ్యారంటీ ఉంది కదా, మంచి కంపెనీ సూట్‌కేసులు కొందామంటారు మా ఆయన. ఇంకొకరి డబ్బుతో అంత ఖరీదైన పెట్టెలు కొనడానికి నాకు మనసొప్పడం లేదు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

తూకం రాయి:
ముందు ఖాళీ పెట్టెను తూకం వేయండి అక్కా, తర్వాత వాదించుకోవచ్చు. 28 అంగుళాల గట్టి సూట్‌కేసు ఖాళీగానే నాలుగున్నర, అయిదు కిలోలు ఉంటుంది. దాదాపు అంతే సామాను పట్టే గుడ్డ డఫల్ సంచి కిలో, కిలోన్నర. మీ ముగ్గురికీ కలిపి ఆరు. ఒక్కోదానికి మూడున్నర కిలోల తేడా వేసుకున్నా 21 కిలోలు. అంటే ఇంచుమించు ఒక పెట్టె సామానంత బరువు ఉత్త పెట్టెలకే పోతోంది.

ఇంకొకటి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు దాటకూడదని చాలా విమాన సంస్థల నియమం. డఫల్‌ను నింపాకే కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడు బుద్ధిగానే కనిపిస్తుంది, నిండాక ఉబ్బుతుంది.

సంఘ కోశాధికారి:
కానుకల లెక్కలు చూసేవాణ్ణి కాబట్టి మీరు అనుకునేదానికి ఎదురు చెప్తున్నాను సిస్టర్. మీ ఆయన మాటే సరైనది. మా సంఘం నుంచి వెళ్లిన ఒక కుటుంబం అన్నీ చవకవే కొన్నారు. సామాను బెల్టు మీదికి వచ్చేసరికి రెండు పెట్టెల చక్రాలు లేవు, ఒకదాని మూత విడిపోయి బట్టలు బయటికొచ్చాయి. అక్కడికక్కడే ఎయిర్‌పోర్టులో కొత్తవి కొనాల్సి వచ్చింది. ఆ బిల్లు నా దగ్గరికే వచ్చింది. చవకలో కొని రెండుసార్లు ఖర్చు పెట్టడం పొదుపు ఎలా అవుతుంది? కానుక ఇచ్చినవాళ్లు మీరు పేదగా కనబడాలని ఇవ్వలేదు, పని జరగాలని ఇచ్చారు.

ఒంటి జత:
యేసు పన్నెండుమందిని పంపినప్పుడు చేతికర్ర తప్ప ఏమీ తీసుకోవద్దన్నాడు, మార్కు 6:8. రొట్టె వద్దు, జాలె (ప్రయాణపు సంచి) వద్దు, డబ్బు వద్దు. మనమేమో మనిషికి 46 కిలోలు చాలక కొట్టుకుంటున్నాం. మొదట సామాను సగానికి తగ్గించండి. అప్పుడు ఏ సంచైనా సరిపోతుంది.

సంఘ కోశాధికారి:
బ్రదర్, లూకా 22:36 కూడా చదవండి. సంచి ఉన్నవాడు సంచీ, జాలె కూడా తీసుకుపోవాలని చెప్పింది కూడా ఆయనే. నాలుగేళ్ల పాపను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు చేతికర్ర సలహా ఇవ్వకండి.

పదకొండేళ్లు బయట:
వాక్యాల పోటీ ఆపితే ఒక మాట. పౌలు త్రోయ అనే ఊళ్లో కర్పు అనే అతని ఇంట్లో తన అంగీ వదిలేసి, తర్వాత దాన్నీ పుస్తకాలనూ తెమ్మని తిమోతికి రాశాడు. ఏది తేవాలి, ఏది వదలాలి అన్న తిప్పలు ఆయనకే తప్పలేదు, మనమెంత!

నా అనుభవం చెప్తాను అమ్మాయ్. మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగు మంచి సూట్‌కేసులు తీసుకెళ్లాం. చక్రాలు ఎయిర్‌పోర్టు నేల మీద బాగా దొర్లాయి. మట్టిరోడ్డు ఎక్కాక వాటితో పనే లేదు, మోయడమే. జీపు పైన కట్టేటప్పుడు గట్టి పెట్టెలు తాడుకింద జారాయి, సంచులైతే కుదురుగా కూర్చున్నాయి. ఇల్లు చేరాక ఆ నాలుగు పెట్టెలూ రెండేళ్లపాటు మంచం కింద ఖాళీగా, బూజు పట్టి పడున్నాయి.

రెండోసారి తెలివొచ్చింది. రెండు డఫల్స్, రెండు మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలు. డబ్బా అంచుకూ మూతకూ కలిపి రంధ్రాలు వేసి, ప్లాస్టిక్ కేబుల్ టైలతో బిగించాం. తనిఖీవాళ్లు తెరిస్తే మళ్లీ కట్టుకోవాలిగా, అందుకని చేతిసంచిలో పది టైలు అదనం. (చిన్న కత్తెరను చెక్ఇన్ సామానులోనే వేయండి. నాది సెక్యూరిటీ దగ్గర తీసేసుకున్నారు.) ఆ డబ్బాలే అక్కడ మాకు బియ్యం డబ్బా, బట్టల పెట్టె, వర్షాకాలంలో పుస్తకాల బీరువా. ఇప్పటికీ వాడుకలోనే ఉన్నాయి. కాకపోతే డబ్బాలు తీసుకోని విమాన సంస్థలూ ఉంటాయి, ముందే అడగండి.

బట్టల సంగతి. ఇంగ్లండు మిషనరీ హడ్సన్ టేలర్ 1854లో షాంఘై చేరాడు, మరుసటి ఏడాదే చైనా బట్టలు కట్టాడు. అప్పట్లో తోటి విదేశీయులు నవ్వారు. నేను చెప్పేది అంత గొప్ప విషయం కాదు. మనిషికి నాలుగు జతలు పట్టుకెళ్లి మిగతావి అక్కడి సంతలో కొనుక్కోండి. ఆ వాతావరణానికి ఏం కట్టుకోవాలో అక్కడివాళ్లకే బాగా తెలుసు. లోదుస్తులు, మీ పాదానికి సరిపోయే చెప్పులు మాత్రం ఇక్కణ్నుంచే.

కుట్టు మిషను:
బ్యాగులు రిపేరు చేసేవాణ్ణి. ఖరీదు, చవక అని మీరు కొట్టుకుంటున్నారు గానీ నా బల్ల మీదికి వచ్చేవి మూడే: జిప్పు, చక్రం, హ్యాండిల్. కొనేటప్పుడు ఆ మూడూ చూడండి.

జిప్పును అటూ ఇటూ ఇరవైసార్లు లాగండి, మూలల దగ్గర పట్టేస్తే వదిలేయండి. స్లైడర్ (జిప్పును లాగే బిళ్ల) అరిగితే మార్చుకోవచ్చు, చిన్న పని. పళ్లు పోతే మొత్తం జిప్పు మార్చాలి. చక్రం స్క్రూలతో ఉంటే విప్పి వేరేది వేయొచ్చు, రివిట్ కొట్టి ఉంటే తలనొప్పే. గట్టి పెట్టెల్లో ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌ది చవకే కానీ దెబ్బకు చీలుతుంది. పాలీకార్బొనేట్ అనే ఇంకో ప్లాస్టిక్ సొట్టపడ్డా చాలావరకు తిరిగి లేస్తుంది. కోశాధికారిగారు చెప్పిన మూత బహుశా ఏబీఎస్‌దే.

గుడ్డ సంచికి డెనియర్ అని రాసి ఉంటుంది. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 600 పాలియెస్టర్ మామూలు వాడకానికి, 1680 నైలాన్ మొరటు వాడకానికి. ఒకటి రెండు ప్రయాణాలకే అయితే 600 చాలు, కింది భాగం రెండు పొరలు ఉంటే.

తాళం సంగతి ఒకటుంది. మామూలు నైలాన్ జిప్పును బాల్‌పెన్ మొనతో పొడిస్తే విడిపోతుంది. తర్వాత స్లైడర్ ఒకసారి లాగితే ఏమీ జరగనట్టే మూసుకుంటుంది. విలువైనవి చెక్ఇన్‌లో వేసి తాళం ఉంది కదా అని నిద్రపోకండి.

సంఘ కోశాధికారి:
మరి గ్యారంటీ? మీరెవరూ దాని మాటే ఎత్తడం లేదు.

కుట్టు మిషను:
గ్యారంటీ కాగితం చివరిదాకా చదవండి సార్. చాలావాటిలో అరుగుదల, విమానంలో అయిన దెబ్బ లెక్కలోకి రావు. వచ్చినా పెట్టెను సర్వీస్ సెంటర్‌కు చేర్చాలి. మట్టిరోడ్డు చివర సర్వీస్ సెంటర్ ఎక్కడుంది? సూదీ మైనం పూసిన దారమూ ఉంటే ఆ పల్లెలో డఫల్‌ను ఎవరైనా కుడతారు.

నర్సు అక్క:
పెట్టె పగిలితే విమాన సంస్థే జవాబుదారీ. మాంట్రియల్ ఒప్పందం (విమాన సంస్థల బాధ్యత గురించి దేశాలు చేసుకున్నది) వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో దెబ్బతిన్న సామానుకు 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యమైన సామానుకైతే అది చేతికొచ్చిన రోజు నుంచి 21 రోజులు. పరిహారం పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్). అది మనిషికి, పెట్టెకు కాదు. కౌంటర్ దాటకముందే ఫొటో తీసి కాగితం రాయించుకోండి.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. మందులన్నీ చేతిసంచిలో, అసలు ప్యాకెట్లలో, డాక్టరు చీటీతో. పవర్ బ్యాంక్ కూడా చేతిసంచిలోనే, చెక్ఇన్‌లో వేయకూడదు. 100 వాట్ అవర్ వరకు మామూలుగా అడ్డు చెప్పరు. 20,000 మిల్లీయాంపియర్ అవర్ అంటే దాదాపు 74 వాట్ అవర్, ఫర్వాలేదు. మీరు వెళ్లే చోట ఎల్లో ఫీవర్ టీకా అడుగుతారేమో చూసుకోండి, వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ టీకా రుజువుగా ఇచ్చే పసుపు కార్డు చెల్లుతుంది. పాప ఒక జత బట్టలు కూడా మీ చేతిసంచిలోనే ఉండాలి. సామాను రెండు రోజులు ఆలస్యమైతే మనం సర్దుకుంటాం, పాప సర్దుకోదు.

కొత్తగా పెళ్లయినవాణ్ణి:
గాలి తీసే ప్లాస్టిక్ కవర్లు వాడితే రెట్టింపు బట్టలు పడతాయట కదా?

తూకం రాయి:
పడతాయి తమ్ముడూ. బరువు మాత్రం గాలిది కాదు, బట్టలది. కవరు వేసినవాళ్లే కౌంటర్ దగ్గర 29 కిలోలు చూసి నోరెళ్లబెడతారు.

కొత్త ప్రయాణం:
నిన్న రాత్రి మా ఆయన చేత దుకాణంలో ఆ సూట్‌కేసును తూకం వేయించాను. 4.9 కిలోలు. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఒక్కటి కొందాం, మిగతావి నీ ఇష్టం" అన్నారు. ఆసుపత్రికి ఇచ్చే రెండు పాత బీపీ మిషన్లు, లాప్‌టాప్ తాలూకు సామాన్లు అందులో పెడతారట. గట్టి పెట్టె వాటికి మంచిదే, నేనూ ఒప్పుకున్నాను. మూడు డఫల్స్ కొంటాం, ఒకటి మా తమ్ముడిది అరువు. మిగిలింది ఒక డబ్బా. విమాన సంస్థకు ఫోన్ చేశాం, తీసుకుంటారట. పాప ఎర్రది ఎంచుకుంది, అప్పుడే అందులో బొమ్మలు సర్దేసి మూత మీద కూర్చుంది, దిగనంటోంది.

సంఘ కోశాధికారి:
ఆ మూడు డఫల్స్ ఏడాదికి ఎలా ఉన్నాయో ఇక్కడే రాయండి సిస్టర్. నా మాటలో మార్పు లేదు.

తూకం రాయి:
ఎర్ర డబ్బా ఖాళీ బరువెంతో చెప్పలేదు అక్కా.