మారియో 1, మారియో 3: పాత టీవీ గేమ్‌లో పిల్లలకు ఏది ముందు?

జాయ్‌స్టిక్_గుంటూరు:

నమస్తే అండీ. 60 పిన్నుల క్యాసెట్లు పట్టే 8 బిట్ టీవీ గేమ్ ఉంది, నింటెండో వాళ్ళ ఫ్యామికామ్‌కు నకలు. పసుపు వైరుతో ఎల్‌సీడీ టీవీకి పెట్టాం. క్యాసెట్లు రెండే: సూపర్ మారియో బ్రోస్, సూపర్ మారియో బ్రోస్ 3. ఆడేది తొమ్మిదేళ్ళ పాప, పన్నెండేళ్ళ బాబు.

ఏది ముందు ఆడిస్తే మంచిది? రెండింట్లో పరుగు, దూకుడు ఒకేలా కనిపిస్తున్నా, ఒకటో దానికి చెయ్యి అలవాటైనవాళ్ళు మూడో దాంట్లో ఎందుకు తడబడుతున్నారు? ఇంకో సంగతి, ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత ఆటల్ని నడిపే యాప్) మీద ఇదే ఆట చూస్తే గట్టి స్పీడుగా ఉంది, మా పెట్టెలో నెమ్మది. మారియో 3లో కింద స్కోరు ఉండే పట్టీ సన్నగా వణుకుతోంది, స్క్రీన్ కుడి అంచున రంగులు తప్పుగా మెరుస్తున్నాయి. క్యాసెట్ పాడైందంటారా?

పిక్సెల్‌మామ:

ఒకటోదే ముందు. పాతదని కాదు, అది ఒకే ఒక్క విద్య నేర్పుతుంది కాబట్టి: పరుగు వేగాన్ని బట్టి దూకు మారుతుందని.

1985 నాటి ఆ ఆటలో మారియో నడక ఫ్రేముకు, అంటే తెర మీద బొమ్మ ఒక్కసారి మారే సేపట్లో, 1.5 పిక్సెళ్ళు (తెర మీది చుక్కలు), బి బటన్ నొక్కి పరిగెడితే 2.5. ఒక ఇటుక వెడల్పు 16 పిక్సెళ్ళు. నిలబడ్డ చోటి నుంచి ఎ బటన్ గట్టిగా పట్టుకుని దూకితే దాదాపు 4 ఇటుకల ఎత్తు వెళ్తాడు, పూర్తి పరుగులో దూకితే 5. మొదటి లెవెల్లో మూడో, నాలుగో పైపులు సరిగ్గా 4 ఇటుకల ఎత్తు ఉంటాయి, అక్కడే పరీక్షించి చూపించండి. ఎ బటన్ ముందే వదిలేస్తే దూకు అక్కడికే తెగుతుంది. పిల్లలు గోతుల్లో పడేది ఎక్కువగా ఇందుకే, బటన్‌ను టక్కున కొట్టి వదిలేస్తారు.

బొటనవేలు పెట్టే తీరు మొదటి రోజే సరిచేయండి. వేలి కొన బి మీద ఆనించి ఉంచాలి, అదే వేలి మధ్య కణుపును వాల్చి ఎ నొక్కాలి. రెండు వేళ్ళతో విడివిడిగా కొడితే బి జారిపోతుంది, పరుగు పోతుంది, గొయ్యి దాటడు.

రిమోట్ మీద టర్బో బటన్లు ఉంటే మారియో 1లో వాటి జోలికి వెళ్ళనివ్వకండి. టర్బో ఎ అంటే సెకనుకు ఎన్నోసార్లు నొక్కి వదిలినట్టు. దూకు ఎప్పుడూ పొట్టిగానే వస్తుంది.

స్క్రీన్ ఒక్క కుడివైపుకే జరుగుతుంది, వదిలేసిన పుట్టగొడుగు కోసం వెనక్కి రాలేరు. ఆట అయిపోతే నిరాశ పడక్కర్లేదు: టైటిల్ స్క్రీన్‌లో ఎ పట్టుకుని స్టార్ట్ నొక్కితే, ఏ వరల్డ్‌లో పోయారో ఆ వరల్డ్ మొదటి లెవెల్ నుంచి మొదలవుతుంది. పవర్ ఆపితే మాత్రం ఈ దారి పోయినట్టే. 1-2 (మొదటి వరల్డ్ రెండో లెవెల్) చివర పైకప్పు మీదుగా వెళ్తే 2, 3, 4 వరల్డ్‌లకు పైపులుంటాయి. వాటిని కొన్నాళ్ళు దాచిపెట్టండి. 4 వరకూ ఒక్కో లెవెల్ నడిచి వెళ్ళినవాళ్ళకే 8-1 గోతులు అందుతాయి.

ఇక తడబాటు సంగతి. మారియో 3లో కూడా నడక 1.5, పరుగు 2.5. లెక్క ఒకటే. కానీ దాని పైన ఇంకో మెట్టుంది. కింద పట్టీలో బాణాల వరుస నిండి పి వెలిగితే వేగం 3.5కు పెరుగుతుంది. ఒకటో ఆటలో పూర్తి పరుగు అందితే దూకెయ్యడమే. మూడోదాంట్లో ఆ అలవాటుతో దూకితే ఈ బాణాల మీటరు నిండదు, ఎందుకంటే అది నేల మీద పరిగెడుతున్నప్పుడే నిండుతుంది. పరుగు అందుకున్నాక ఇంకో సెకను పైచిలుకు చదునైన నేల కావాలి. అందుకే మూడోదాంట్లో ముందుగా కళ్ళు వెతకాల్సింది శత్రువును కాదు, పరిగెత్తే జాగాను.

సోల్డర్‌పొగ:

క్యాసెట్ బాగానే ఉండి ఉంటుంది. ఒక్కొక్కటీ చెప్తాను.

నెమ్మది: ఈ ఆటలు జపాన్, అమెరికా టీవీల కోసం సెకనుకు 60 ఫ్రేములకు రాసినవి. మన దగ్గర అమ్మిన నకలు పెట్టెల్లో చాలావరకు పాల్ పద్ధతి, అంటే 50 ఫ్రేములు. ఆటలో అన్నీ ఫ్రేముల లెక్కనే నడుస్తాయి కాబట్టి ఆరో వంతు వేగం తగ్గుతుంది. మారియో 1లో టైమర్ ఒక అంకె దిగడానికి 24 ఫ్రేములు. 400 టైము అంటే 60 మీద 160 సెకన్లు, మీ పెట్టె మీద 192. స్టాప్‌వాచ్ పెట్టి చూడండి, సుమారు అంతే వస్తే మీది 50 పెట్టె అని తేలిపోతుంది. పాట కూడా అంతే నిదానిస్తుంది, శ్రుతి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఇది రిపేరు చేసేది కాదు. తొమ్మిదేళ్ళ పిల్లకు నిజానికి మేలే.

బటన్ నొక్కాక మారియో ఆలస్యంగా లేస్తున్నాడంటే అది వేరే జబ్బు, టీవీది. పాత కన్సోల్ పంపే బొమ్మను ఎల్‌సీడీ టీవీ మామూలు టీవీ ప్రసారం అనుకుని సర్దుతూ కూర్చుంటుంది. మెనూలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, నాయిస్ తగ్గించేవి, మోషన్ మెరుగుపరిచేవి అన్నీ ఆపండి, బొమ్మ నిష్పత్తి 4:3 పెట్టండి. ఇంట్లో డబ్బా టీవీ మూలన ఉంటే దాన్ని మించింది లేదు.

కింద పట్టీ వణుకు: ఇక్కడే రెండు క్యాసెట్ల తేడా తెలుస్తుంది. మారియో 1 మొత్తం 40 కిలోబైట్లు, క్యాసెట్‌లో ప్రత్యేక చిప్ ఏమీ ఉండదు. దాని స్కోరు పైన ఉంటుంది. పైన కనిపించే చిన్న కాయిన్ బొమ్మ గీసేదాకా కన్సోల్ ఆగి, ఆ తర్వాత కింది భాగాన్ని జరుపుతుంది. మారియో 3 దాదాపు 384 కిలోబైట్లు, ఎంఎంసీ3 అనే చిప్‌తో వచ్చింది. స్కోరు పట్టీ కింద ఉంది కాబట్టి ఆ చిప్ టీవీ గీతల్ని లెక్కపెట్టి, పట్టీ మొదలవ్వాల్సిన గీత రాగానే కన్సోల్‌ను తట్టిలేపుతుంది. నకలు చిప్‌లలో ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది. ఒక గీత మేరకు వణికితే ఆటకేమీ కాదు. పట్టీ మొత్తం ఎగిరినా, బొమ్మలు ముక్కలైనా కాంటాక్టులు (క్యాసెట్ పిన్నులు) చూడాలి.

కుడి అంచు రంగులైతే అసలు నింటెండో పెట్టెలోనూ అంతే. కన్సోల్‌కు రెండు స్క్రీన్లకు సరిపడా జ్ఞాపకమే ఉంది, ఈ ఆటేమో పక్కలకూ పైకీ కిందికీ జరుగుతుంది. కొత్త బొమ్మ గీసే చోటు అంచున బయటపడుతుంది. పాత టీవీల్లో ఆ అంచు టీవీ చట్రం కింద దాగిపోయేది, ఎల్‌సీడీ మొత్తం చూపిస్తుంది.

శుభ్రం చేసే పద్ధతి: పవర్ ఆపి క్యాసెట్ తీయండి, ఆన్‌లో ఉండగా ఎప్పుడూ లాగొద్దు. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల తడిపి పిన్నుల పొడవునా తుడవండి, రెండు వైపులా. నల్లమరక పోకపోతే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్ళీ ఆల్కహాల్. పది నిమిషాలు ఆరనివ్వండి. నోటితో ఊదే అలవాటు మాన్పించండి. తడి చేరి పిన్నులు పచ్చబారతాయి. ఊదాక పనిచేసిందంటే తీసి మళ్ళీ పెట్టడం వల్లే.

అడాప్టర్ కూడా చూడండి. పెట్టె మీద 9 వోల్టులని ఉంటే 12ది పెట్టొద్దు. లోపలి 7805 రెగ్యులేటర్ (5 వోల్టులకు తగ్గించే భాగం) పైన మిగిలే వోల్టులన్నీ వేడిగా మారుస్తుంది, గంటలో ఆట బిగుసుకుపోతుంది. ప్లస్, మైనస్ గుర్తు పెట్టెకూ అడాప్టర్‌కూ ఒకేలా ఉండాలి.

తాబేలుచిప్ప:

పిక్సెల్‌మామ గారి మాట బాబు విషయంలో ఒప్పుకుంటాను. ఇద్దరు పిల్లలు కలిసి ఆడాలంటే మాత్రం 3 ముందు పెట్టాలంటాను.

కారణం వంతులు. మారియో 1లో ఒకరు చచ్చేదాకా రెండోవాళ్ళు కూర్చోవాలి. చెయ్యి తిరిగిన అన్నయ్య పది నిమిషాలు వదలకపోతే పాప లేచి వెళ్ళిపోతుంది. మూడోదాంట్లో ఒక లెవెల్ పూర్తయినా వంతు మారుతుంది. ఇద్దరిదీ ఒకే మ్యాప్, ఒకరు గెలిచిన లెవెల్ ఇద్దరికీ గెలిచినట్టే. వెనక్కి నడవొచ్చు, దాచుకున్న వస్తువును మ్యాప్ మీద బి నొక్కి వాడుకోవచ్చు. ఆట అయిపోతే కంటిన్యూ అని తెర మీదే అడుగుతుంది.

ఒక్కటి ముందే తేల్చుకోండి: మీది జపాన్ ప్రతా, అమెరికా ప్రతా? జపాన్‌లో 1988 అక్టోబర్‌లో వచ్చినదాంట్లో పువ్వు, ఆకు (శక్తినిచ్చే వస్తువులు) ఏది ఉన్నా ఒక్క దెబ్బకు చిన్న మారియో అయిపోతాడు. 1990లో అమెరికాకు వచ్చినదాంట్లో ముందు పెద్ద మారియోగా మారతాడు, ఇంకో దెబ్బ మిగులుతుంది. చిన్నపిల్లలకు ఇది చాలా పెద్ద తేడా. పుట్టగొడుగు ఇంట్లోకి వెళ్ళి చూడండి, అక్కడి మాటలు జపనీస్ లిపిలో ఉంటే కష్టమైనదే మీ దగ్గరుంది. అలా అయితే నా సలహా వెనక్కి తీసుకుంటాను, 1తోనే మొదలుపెట్టండి.

లెవెల్ చివర బొమ్మలు తిరిగే పెట్టెను వదిలేయొద్దని చెప్పండి. లెవెల్‌కు ఒకటి చొప్పున మూడు నక్షత్రాలు వస్తే 5 లైఫ్‌లు, మూడు పువ్వులకు 3, మూడు పుట్టగొడుగులకు 2, కలగాపులగంగా వస్తే 1. పూర్తి పరుగులో వచ్చి పెట్టెలోకి దూకితే ఎక్కువసార్లు నక్షత్రమే పడుతుంది. పిక్సెల్‌మామ గారు చెప్పిన పరిగెత్తే జాగా అక్కడ ఎప్పుడూ ఉంటుంది. మీటరు సాధనకు లెవెల్ చివరి నల్లటి మైదానం కంటే మంచి చోటు లేదు.

జాయ్‌స్టిక్_గుంటూరు:

చాలా థాంక్స్ అండీ. స్టాప్‌వాచ్ పెట్టి చూశాం, 190 దాటింది, 50 పెట్టే. పుట్టగొడుగు ఇంట్లో ఇంగ్లీషే ఉంది. పిన్నులు తుడిచాక వణుకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, దాన్ని వదిలేస్తున్నాం. బాబు వరల్డ్‌లు దాటించే విజిల్ గురించి అడుగుతున్నాడు, మొదటి వరల్డ్‌లోనే రెండున్నాయట కదా?

పిక్సెల్‌మామ:

ఉన్నాయి. అమెరికా ప్రతి అని తేలింది కాబట్టి ఇద్దరూ కలిసి ఆడేటప్పుడు తాబేలుచిప్ప గారి మాటే నాదీ.

మొదటి విజిల్ 1-3లో, ఏ వేషమూ అక్కర్లేదు. లెవెల్ చివరి భాగంలో తెల్లటి పెద్ద దిమ్మె వస్తుంది. దాని మీద నిలబడి కింది బాణం పట్టుకుని ఉండండి. సుమారు 5 సెకన్ల తర్వాత మారియో దిమ్మె వెనక్కి జారిపోతాడు, మీ 50 పెట్టెలో ఇంకొంచెం ఆగాలి. మధ్యలో వేలు తీస్తే మళ్ళీ మొదటికే. జారగానే ఆగకుండా కుడివైపుకు పరిగెత్తాలి. వెనక ఉండే సమయం కొద్దిసేపే, ఆలస్యమైతే ముందుకు వచ్చేస్తాడు. లెవెల్ చివరి నల్లటి భాగం వెనక నుంచి వెళ్తే పుట్టగొడుగు ఇల్లు, అందులో పెట్టె.

రెండోది అదే వరల్డ్ కోటలో. దీనికి ఆకు వేషం (ఎగరనిచ్చేది) తప్పనిసరి, దెబ్బ తినకుండా తలుపు దాకా చేరాలి. ఎముకల తాబేలును తొక్కి, అది కుప్పకూలి ఉన్న కొద్ది సెకన్లలోనే వెనక్కి వెళ్ళి పరుగు అందుకోండి. పి వెలగగానే దూకి ఎ టకటకా కొడుతూ పైకి ఎగరాలి. మారియో 3లో టర్బో ఎ పనికొచ్చేది ఇలాంటి చోటే. పైకప్పు మీదుగా కుడివైపు, మారియో తెరలో కనిపించకపోయినా నడుస్తూనే ఉండండి. గోడ అడ్డు తగిలిన చోట పై బాణం నొక్కితే కనిపించని తలుపు తెరుచుకుంటుంది.

వరల్డ్ 1లో ఒక విజిల్ ఊదితే 2, 3, 4 పైపుల చోటుకు వెళ్తారు. ఏ పైపులోకీ దిగకుండా అక్కడే రెండోది ఊదితే నేరుగా 8. ముందు ఏదో పైపులోకి దిగి, ఆ తర్వాత ఊదితే 5, 6, 7 పైపులే వస్తాయి. 8లో ట్యాంకులు, ఓడలు ఉన్న లెవెళ్ళలో తెర తనంతట తానే జరుగుతుంది, పరుగు తీసే జాగా చాలా తక్కువ. జేబులో పి-రెక్క ఒకటైనా లేకుండా బాబును అక్కడికి పంపకండి. అది మ్యాప్ మీద వాడితే, దెబ్బ తగలకపోతే ఆ లెవెల్ పూర్తయ్యేదాకా మీటరుతో పని లేకుండా ఎగరొచ్చు.